దూపగొన్న మంద

మొన్న ఉప్పల్లో బస్సెక్కాను. వాన అప్పుడే తెరిపిచ్చింది. నా పక్క సీట్లో ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు, భుజం మీద తడిసిన గొంగడితో. ఆ తడి ఉన్ని వాసన ముక్కుకు తగలగానే నా వీపు మీద చెమట పట్టింది. ముసలివాణ్ని, నాకేదో అవుతోందనుకుని కండక్టరు కుర్రవాడు నీళ్ల సీసా అందించాడు. ఒక్క గుక్క తాగి, ఆగి, కాసేపటికి ఇంకో గుక్క తాగాను. వాడికి విసుగు పుట్టే ఉంటుంది. నాకేమీ కాలేదని వాడికి చెప్పడం ఎలా? ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది ఎండలో గోడకు తలలు ఆనించి నిలబడ్డ గొర్రెలు. వాటితో పాటే ఖాదర్ సాబు. ఆయన పశువుల డాక్టరు, నా మొదటి ఆఫీసరు. ఇది చదివేవాళ్లెవరూ ఆయన్ను చూసి ఉండరు. ఆయన ఊరు విడిచి పెద్ద పేరు సంపాదించిన మనిషి కాదు, సంపాదించాలని అనుకున్న మనిషి కూడా కాదు.

అరవైల నడుమ నల్లగొండ జిల్లాలో ఒక తాలూకా ఊళ్లో మా పశువుల దవాఖాన ఉండేది. దవాఖాన అంటే రెండు రేకుల గదులు, ఎద్దులను కట్టి నిలబెట్టే చెక్క చట్రం, తలుపు సరిగా పడని ఒక బీరువా. చదువు ముగించుకుని కొత్తగా వచ్చిన చిన్న డాక్టర్ని నేను. పోచంపల్లిలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగినవాణ్ని. గొర్రెకూ మేకకూ తేడా పుస్తకంలో చూసి తెలుసుకున్నానంటే పెద్ద అబద్ధం కాదు. ఖాదర్ సాబుకు ముక్కు మీద కోపం. ఎద్దులతో ఉర్దూలో బతిమాలుతూ మాట్లాడేవారు, వాటి యజమానులను మాత్రం తెలుగులో తిట్టేవారు. నేను చేరిన రోజు నన్ను కిందికీ పైకీ చూసి, పాన్ దవడకు నొక్కిపెట్టి, "గొర్రె నీళ్లెందుకు తాగుతది మియా?" అని అడిగారు. నేను శరీరంలో ద్రవాలూ లవణాలూ అంటూ మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపేశారు.

"దూపైతది, తాగుతది. గంతే. నువ్వు అడగాల్సింది వేరే ఉన్నది. ఎప్పటి సంది తాగలేదు, తాగినంక ఏమైంది, గది అడుగు. రోగాన్ని ఎన్క అడుగు, ముందుగాల నీళ్ల సంగతి అడుగు."

కొత్తవాణ్ని ఆటపట్టిస్తున్నారనుకున్నాను. తర్వాత చూస్తే ఏ పశువు వచ్చినా ఆయన అడిగే మొదటి మాట అదే. కాలు విరిగిన దూడను తెచ్చినా అదే ప్రశ్న. జనం ముసిముసిగా నవ్వుకునేవాళ్లు, నేనూ నవ్వుకున్నాను. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వాగులు ఎండాయి, బావుల్లో నీళ్లు అడుగుకు దిగాయి. అప్పటి నుంచి ఆ ప్రశ్నకు నవ్వేవాళ్లు తగ్గారు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున, గొర్రెల కాపరుల ఇంటి పిల్లవాడు పరుగున వచ్చి ఒక మంద ఒక్కసారే కూలిపోతోందని చెప్పాడు. ఊరి పేరు రాయను. నేను చెప్పబోయే ఆడమనిషి మనుమలు ఇంకా అక్కడే ఉన్నారు. మోత్కూరు వైపు పోయే బస్సు పట్టుకుని దిగి, అక్కడినుంచి సైకిళ్ల మీద పోయాం. ఊరి బయట, దారి పక్కనే బుచ్చమ్మ అనే ఒంటరి ఆడమనిషి చేను, బావి, బావి దగ్గర రాతి తొట్టి. మొగుడు పోయాక ఆమే ఎడ్లను కట్టి మోట తోలుకునేది. దూరం నుంచే జనం కనిపించారు. కానీ చప్పుడు లేదు. మంద ఉన్నచోట అరుపు ఉంటుంది, మెడగంటలు మోగుతాయి, కుక్క మొరుగుతుంది. అక్కడ ఇవేవీ వినిపించలేదు. ఎండ తెల్లగా కాస్తోంది, ఆ ఎండలో అంతమంది నోరెత్తకుండా నిలబడి ఉన్నారు.

చేను చుట్టూ పేర్చిన రాళ్ల గోడ వెంట గొర్రెలు వరుసగా నిలబడి ఉన్నాయి. అన్నీ నుదురు గోడకు ఆనించి, రాయిని తోసుకుని అవతలికి పోవాలన్నట్టు నొక్కుతున్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. ఒకదాని కంటి ముందు చెయ్యి ఆడించాను, రెప్ప పడలేదు. ఈగ వచ్చి కనుగుడ్డు మీద వాలింది, అప్పుడూ పడలేదు. ఇంకో గొర్రె ఖాళీ నేల మీద చుట్టూ తిరుగుతోంది. అదే వలయం, అదే నడక, కింద దుమ్ములో దాని దారి గీత పడిపోయింది. పడిపోయినవి మెడ వెనక్కి విరుచుకుని, కాళ్లతో గాలిని తొక్కుతున్నాయి. మందలో ఉన్న మేకపిల్ల ఒకటి నా ఎదుటే మూత్రం పోసింది. అది నల్లటి ఎరుపు. నాకు భయం వేసింది. చదువుకున్నవాడికి భయం తక్కువ అనుకునేవాళ్లు ఆ గోడ దగ్గర నిలబడి చూడాల్సింది.

అప్పుడు బుచ్చమ్మను చూశాను. పశువుల కొట్టం గుంజకు తాడుతో కట్టేశారు. తల మీద కొంగు లేదు. ఆమె ముందు బండ మీద ఒక పటకారు పెట్టి ఉంది. నాకు అర్థం కాలేదు, పక్కనున్న ముసలాయన చల్లగా చెప్పాడు: బాణామతి చేసేవాళ్ల పండ్లు ఊడబీకితే మంత్రం నోట పలకదట. నిన్న పొద్దున మంద యజమాని బీరయ్య దూపతో అల్లాడుతున్న గొర్రెలను తోలుకొచ్చాడు. ఊళ్లో ఎవరూ తమ బావిలో ముంచనియ్యలేదు. బుచ్చమ్మ ఒక్కతే "తాగనీ, పాపం" అని ఎడ్లను కట్టి తొట్టి నింపింది. సగం మంద కడుపారా తాగేసరికి బావి వట్టిపోయింది. మిగతా సగాన్ని ఊట ఊరేదాకా కంచె అవతల ఆపారు. పొద్దు వాలకముందే తాగినవన్నీ పిచ్చెత్తాయి, తాగనివి బాగానే ఉన్నాయి. ఇంతకంటే రుజువేం కావాలి? ఊరంతా నమ్మింది, బీరయ్య అందరికంటే గట్టిగా నమ్మాడు.

ఖాదర్ సాబు ఎవరితోనూ వాదం పెట్టుకోలేదు. బావిలో ఊరిన నీళ్లు ఒక చెంబెడు తోడించారు. నా వైపు వీపు పెట్టి, బుచ్చమ్మ వైపు తిరిగి నిలబడి, చెంబు ఖాళీ అయ్యేదాకా తాగారు. తర్వాత నాకూ ఒక చెంబు ఇచ్చారు. తాగక తప్పలేదు. నీళ్లు కమ్మగా ఉన్నాయి. జనంలోంచి ఎవరో నవ్వారు.

"నువ్వు తాగితె ఏమైతది సాబూ? గామె మంత్రం గొర్ల మీద ఏసింది గని నీ మీద ఏసిందా?"

ఆ మాటకు ఎదురు చెప్పడం ఎవరి తరం? ఆయన గొడ్డలి అడిగి తీసుకుని, చచ్చిన గొర్రె ఒకదాన్ని నీడకు లాగించారు. కడుపు కోసి వాసన చూశారు, విషం జాడ లేదు. తర్వాత పుర్రె తెరిచారు. లోపలి పొర బిగిసిపోయి తడిగా మెరుస్తోంది. చీలిక పడగానే మెదడు అందులోంచి బయటికి ఉబికి వచ్చింది. నేను అంతకు ముందు అలాంటిది చూడలేదు, ఆ తర్వాత చూడాలని కోరుకోలేదు.

"జాగా సరిపోలే మియా," అన్నారు మెల్లగా. "నీళ్లు పొయ్యి లోపల కూసున్నయి. పుర్రె సాగదు గద." తల ఎత్తి బీరయ్యను పిలిచారు. "మోత్కూరు అంగడికేనా తోలుకపోతున్నది?"

"ఔ సాబూ. మేత లేదాయె, నీళ్లు లేవాయె. అమ్మేద్దామని."

"ఉప్పు పెట్టినవా?"

"పెట్టిన. అందరు పెట్టేదేనాయె. జరంత ఎక్కువ పెట్టిన."

"పెట్టినంక నీళ్లెన్నడు తాపినవ్?"

బీరయ్య నేల చూపులు చూశాడు. "వాగుల ఉంటయనుకున్న సాబూ. వాగు ఎండిపాయె. అవతలి కుంట గుడ ఎండిపాయె."

అదీ సంగతి. అంగడికి తోలే ముందు గొర్రెలకు ఉప్పు పెట్టి, నీళ్లు ఆపి, ఊరు చేరే ముందు కడుపునిండా తాగిస్తే పక్కలు నిండుగా కనపడతాయి. కొనేవాడి చెయ్యి వీపు మీద పడగానే బలిసిన జీవం అనిపిస్తుంది. ఏళ్లుగా అందరూ చేసే పనే, మామూలు ఏడాది పూటో అరపూటో ఆపి తాపేవాళ్లు, ఏమీ అయ్యేది కాదు. ఆ ఏడు వాగు దగ్గర నీళ్లు దొరకలేదు, ముందుకు పోతే కుంటలో దొరకలేదు, పూట కాస్తా రోజులైంది. కాలేజీలో ఆస్మాసిస్ అని నేను బట్టీ పట్టిన పాఠం నా కళ్ల ముందు గోడకు తల కొట్టుకుంటోంది. ఉప్పు మీద ఉప్పు చేరి రక్తం చిక్కబడితే ఒంట్లోని ప్రతి కణంలోంచీ నీరు బయటికి పోతుంది. మెదడు కణాలు ఎండిపోకుండా తమను తాము కాపాడుకోవడానికి లోపల లవణాలు కూడబెట్టుకుంటాయి. మెల్లగా అలవాటు పడిన ఆ స్థితిలో ఒక్కసారిగా కడుపునిండా మంచినీళ్లు పడితే రక్తం పలుచబడుతుంది. ఉప్పు ఎక్కువున్న వైపుకు నీరు పొర దాటి పోవడం దాని గుణం. అది మెదడు కణాల్లోకి దూసుకుపోతుంది, అవి ఉబ్బుతాయి. మేకపిల్ల నెత్తురులో ఎర్రకణాలు ఉబ్బి పగిలిపోయాయి, ఆ ఎరుపే మూత్రంలో పడింది. ప్రాణం నిలబెట్టాల్సిన నీళ్లే ప్రాణం తీశాయి, అందులో ఎవరి మంత్రమూ లేదు.

ఖాదర్ సాబు ఇదంతా తన మాటల్లో వాళ్లకు చెప్పారు. వాళ్లు విన్నారు కూడా. తర్వాత ఒకాయన, "మా తాతల కాలం సంది ఉప్పు పెడుతున్నం, గప్పుడు రాని చావు గిప్పుడెట్లొచ్చె?" అన్నాడు. బీరయ్య తల ఊపాడు. ఉప్పు నిజమైతే మందను చంపింది తానే. బాణామతి నిజమైతే చంపింది బుచ్చమ్మ. ఆ రెంటిలో ఏది నమ్మాలని అతనికి ఉంటుందో చెప్పనక్కర్లేదు. అప్పుడు మా సాబుకు ఒక ఆలోచన వచ్చింది, అది మా కొంప ముంచినంత పని చేసింది. కోసిన గొర్రె మూత్రపు సంచిని కడిగించి, అందులో ముదురు ఉప్పునీళ్లు సగం పోసి, మూతి దారంతో బిగించి కట్టారు. అది వదులుగా వేలాడుతోంది. బావి నీళ్లు నింపిన గంగాళంలో దాన్ని వేశారు. "చూస్తుండుండ్రి, నీళ్లు ఎటు పోతయో మీకే సమజైతది," అన్నారు.

అందరూ గంగాళం చుట్టూ మూగారు. సంచి నీళ్లలో కదలకుండా పడి ఉంది. ఎంతసేపు చూశామో తెలియదు, ఎండ నెత్తి మీదినుంచి జారింది. వదులు తగ్గింది. ముడతలు ఒక్కొక్కటే పోయాయి. చివరికి సంచి గుండ్రంగా బిగిసింది, నరాలు తేలి పైకి కనపడ్డాయి, వేలితో నొక్కితే తిరిగి తోసింది. నాకు ఆ శాస్త్రం తెలుసు, అయినా ఒళ్లు జలదరించింది. ఒక ఆడమనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది.

"సచ్చినంక గుడ తాగుతాంది! సచ్చినంక గుడ దాని దూప తీరలే!"

ఆ కేకతో జనం అంతా కదిలారు. మా శాస్త్రం వాళ్లకు బాణామతికి సాక్ష్యమైపోయింది. ఒకడు వంగి బండ మీది పటకారు అందుకున్నాడు. బుచ్చమ్మ పెదాలు గట్టిగా మూసుకుని తల గుంజకు ఆనించింది. ఖాదర్ సాబు నడిచిపోయి ఆమెకూ వాడికీ మధ్య నిలబడ్డారు. అరిచి తిట్టే మనిషి ఆ పూట గొంతు పెంచలేదు. మాట కూడా పటకారు పట్టినవాడితో కాదు, బీరయ్యతో.

"గామె పండ్లు పీకితె సచ్చినయి లేస్తయా బీరయ్యా? కంచెకు అవుతల సగం మంద ఉన్నది. నిన్నటి సంది నీళ్లు లేవు వాటికి. గవి గుడ పోవాల్నా? ఇదే నీళ్లు, ఇదే ఆడమనిషి చేత్తోని తాపిస్త. నేను చెప్పిన తీర్గ తాపాలె. రేపు పొద్దుగూకేటాల్లకు గవి కూలిపోతె, ముందు నా పండ్లు పీకుండ్రి."

మంద బీరయ్యది. అతను ఒప్పుకుంటే ఎవరూ అడ్డం చెప్పలేరు. చాలాసేపు ఆ గోడ వెంట నిలబడ్డ గొర్రెల వైపు చూశాడు. "తాపుండ్రి," అన్నాడు చివరికి, పక్కవాళ్లకే వినపడేంత చిన్నగా.

తాడు విప్పారు. బుచ్చమ్మ లేచి, చీర సర్దుకుని, మొదట మొహం కడుక్కుంది. సాబు చెప్పినట్టు తొట్టి నీళ్లలో నాలుకకు తెలిసేంత ఉప్పు కలిపింది. ఉప్పుతో చచ్చిన మందకు మళ్లీ ఉప్పునీళ్లా అని జనం గొణిగారు. ఎండిన ఒంట్లోకి ఉత్త నీళ్లు పరుగెత్తుతాయి, కొంచెం ఉప్పుంటే నడిచిపోతాయి అని సాబు నాతో అన్నారు. అన్ని గొర్రెలకూ ఒక్కొక్కటిగా చిన్న ముంతెడు. మళ్లీ వంతు వచ్చేదాకా ఇంకో చుక్క లేదు. అవి దూపతో మనుషుల మీదికి ఎక్కుతున్నాయి, ముంత కొరుకుతున్నాయి. పట్టుకున్న మగవాళ్ల చేతులు నెత్తురు కారాయి. బీరయ్య కొడుకు ఏడుస్తూ సాబు మీదికి వచ్చాడు, "నీళ్లు ముంగట వెట్టుకొని దూపతోని చంపుతున్నవ్!" అని. సాబు కదల్లేదు. బుచ్చమ్మ ఒక్కో గొర్రె గదువ కింద చెయ్యి పెట్టి, "జర ఆగు తల్లీ, నీకే, నీకే" అంటూ పోసింది. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మర్నాడు కూడా అదే పని. మధ్యాహ్నం ఒక ఆడగొర్రె కాళ్లు వణికి కూలింది, మెడ వెనక్కి విరిచింది. జనం ఒక్కసారిగా లేచారు. పటకారు ఎవరి చేతిలో ఉందో నేను వెతుక్కున్నాను. సాబు దాని మెడ మీద మోకాలు ఆనించి, నరంలోకి ముదురు ఉప్పునీటి మందు మెల్లగా, చాలా మెల్లగా ఎక్కించారు. కాసేపటికి దాని కన్ను కదిలింది. తర్వాత అది లేచి నిలబడి, తల విదిలించి, అరిచింది. రెండు రోజుల్లో ఆ చేన్లో నేను విన్న మొదటి గొర్రె అరుపు అది. పొద్దుగూకేసరికి కంచె అవతలి మందలో ఒకటీ అరా తప్ప అన్నీ నిలబడే ఉన్నాయి. గోడ దగ్గరివాటిలో బతికినవి చాలా తక్కువ. జనం ఒక్కరొక్కరే వెళ్లిపోయారు. క్షమించమని ఎవరూ అనలేదు. బీరయ్య మాత్రం పోతూ పోతూ బుచ్చమ్మ ఎడ్ల ముందు గడ్డిమోపు ఒకటి పడేసి పోయాడు.

కథ అక్కడ ముగిసిందని నేను అనుకున్నాను. కొన్నాళ్లకు తెలిసింది, చుట్టుపక్కల కాపరులు అంగడికి పోయే ముందు మందను బుచ్చమ్మ దగ్గరికి తోలుకొస్తున్నారట, ఆమె చేత్తో ముంతెడు ముంతెడు తాపించుకోవడానికి. ఆమెకు చంపే మంత్రమే కాదు, తిప్పే మంత్రం కూడా తెలుసని ఊరు తేల్చుకుంది. నాకు ఒళ్లు మండింది. ఇంత చేసినా ఒక్కరికీ అసలు సంగతి అర్థం కాలేదే అని సాబు ముందు మొత్తుకున్నాను. ఆయన పాన్ నములుతూ విన్నారు.

"ఆరాము చెయ్యి మియా. వాళ్లకు సమజ్ గావాల్నా, ఆమె పండ్లుండాల్నా? ఒక్కటే అడుగు. నాకైతె పండ్లు చాలు. సమజ్ ఎన్కముందు వస్తది, ముంతెడు ముంతెడు."

ఆ మాటను నేను ఆ రోజు ఒప్పుకోలేదు. ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ తర్వాత బదిలీ మీద మహబూబ్‌నగర్ పోయాను, మళ్లీ ఎన్నో ఊళ్లు తిరిగాను. నా కింద పనిచేసినవాళ్లకు ఖాదర్ సాబు అంటే ఏ చిక్కునైనా విప్పగల, దేనికీ జంకని పెద్ద డాక్టరని చెప్పేవాణ్ని. నేను నమ్మిందీ అదే. ఆయన పోయారని కబురు తెలిసినప్పుడు బుచ్చమ్మకు చెప్పాలనిపించి, ఆ ఊరు వెళ్లాను. ముసలిదైపోయింది. అరుగు మీద కూర్చుని జొన్నపేలాలు నములుతోంది, ఒక్క పన్ను కూడా పోలేదు. వార్త విని పేలాలు పక్కన పెట్టింది. ఆయన ధైర్యం గురించి నేనే మొదలుపెట్టాను, ఆ చెంబెడు నీళ్లు ఎంత నిబ్బరంగా తాగారో చెప్పాను. ఆమె నా వైపు తిరిగింది.

"నిబ్బరమెక్కడిది బిడ్డా. నువ్వు ఎన్క నిలబడితివి, నీకేం కనపడతది? నేను గుంజకాడ ఎదురుంగ ఉంటి. చెంబు పట్టిన చెయ్యి గజగజ వణికింది. నీళ్లు అంగి గల్ల మీద వడ్డయి. నన్ను జూసుకుంట, నాకు భయపడుకుంట తాగిండు. మొత్తం తాగిండు."

అన్నేళ్లు నేను మోసుకు తిరిగిన మనిషి, భయమంటే తెలియని మనిషి, నిజానికి లేడు. ఎదురుగా కట్టేసి ఉన్న ఆడమనిషి మంత్రగత్తె కావచ్చునేమో అని ఒక మూల అనుమానిస్తూనే, ఆమె కోసం ఆ నీళ్లు చివరిదాకా తాగిన మనిషి ఒకరు ఉన్నారు. ఆయన్ను ఆ రోజే కొత్తగా కలుసుకున్నాను, పోయిన తర్వాత. మొదటాయన మీద నాకు గౌరవం ఉండేది. ఈయన మీద నాకున్నది ప్రేమ. చెయ్యి వణికే పని ఏదైనా ఎదురైతే ఇప్పుడు నేను వణుకు ఆగేదాకా ఎదురుచూడను.